భీష్ముడు అడిగిన తలగడ

భీష్మ ఏకాదశి దగ్గర పడింది. అంతర్వేదిలో దశమి రాత్రి నరసింహస్వామి కల్యాణం, మర్నాడు రథం. ఇక్కడ మా కాలనీ గుళ్ళో సహస్రనామ పారాయణ. ఎన్ని ఆవృత్తులు చెయ్యాలి, ఏ రంగు చీరలు కట్టుకోవాలి, ప్రసాదం ఎవరి వంతు అన్న చర్చ అప్పుడే మొదలైంది. పోయినేడాది ఒకావిడ సెల్‌ఫోన్‌లో టైమ్ పెట్టుకుని మరీ చదివి, అందరికంటే ముందు పూర్తి చేశానని చెప్పుకుంది. చదవండి తల్లీ, ఎంత వేగంగానైనా చదవండి, నామం నామమే. కానీ ఆ వెయ్యి నామాలూ ఎవరి నోట వచ్చాయో ఒక్క క్షణం తలుచుకుని మొదలుపెట్టండి. ఒళ్ళంతా బాణాలు దిగి, లేవలేక, పక్కకి తిరగలేక, పోయే ఘడియ కోసం చూస్తూ పడి ఉన్న ఒక ముసలాయన చెప్పిన మాటలవి.

అంపశయ్య అనగానే మనకి క్యాలెండర్ బొమ్మే గుర్తొస్తుంది. తెల్లటి గడ్డం, చేతులు కట్టుకుని పాండవులు, తీరిగ్గా ఉపదేశం. వ్యాసుడు అలా రాయలేదు. "ఈ వాడి బాణాల మీద పడుకుని 58 రాత్రులయింది, నూరేళ్ళు గడిచినట్టుంది" అని చివర్లో భీష్ముడే అంటాడు. ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకున్నవాళ్ళకి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నేను ప్రతిసారీ ఆగిపోయేది ఆయన పడిపోయిన మొదటి సాయంత్రం దగ్గర. ఒంట్లోంచి బాణాలు తీయడంలో ఆరితేరిన వైద్యులు సరంజామాతో సహా వచ్చారు. తెప్పించింది దుర్యోధనుడు. తాతగారు వాళ్ళని చూసి, "వీళ్ళకి ఇవ్వాల్సింది ఇచ్చి, మర్యాద చేసి పంపించెయ్యి. ఈ స్థితికి వచ్చాక నాకిక వైద్యులతో పని లేదు" అన్నాడు. వైద్యాన్ని తిట్టలేదు, వైద్యుల్ని అవమానించలేదు. ధనమిచ్చి, గౌరవించి పంపమన్నాడు. దుర్యోధనుడు పంపించేశాడు. పాండవులతో సంధి చేసుకోరా నాయనా అంటే వినని మనిషి, ఈ మాట మాత్రం విన్నాడు. ఈ కాలపు కొడుకులం, కోడళ్ళం, కూతుళ్ళం దుర్యోధనుడి పాటి కూడా వినడం లేదు. నా బాధంతా అదే.

ఎనభై దాటిన పెద్దాయన "ఇంక ఆసుపత్రికి వద్దురా, ఇంట్లోనే ఉంటాను" అంటారు. ఆ మాట మనం వినం. వింటే నలుగురూ ఏమనుకుంటారో అని భయం. అంబులెన్సు, ఐసీయూ, గొంతులో గొట్టం, చేతులు మంచానికి కట్టెయ్యడం. తర్వాత ఫోన్లు మొదలు. "అన్నయ్య డాలస్‌లో బయల్దేరాడు, వచ్చేదాకా ఉంచండి." అక్కడున్న పిల్లల్ని తప్పుపట్టను. వాళ్ళ వీసాలు, వాళ్ళ ఉద్యోగాలు, దగ్గర లేకపోయామన్న దిగులు నాకు తెలుసు. కానీ ఒకటి ఆలోచించండి. భీష్ముడు కూడా ఆగాడు, ఉత్తరాయణం కోసం. ఆగింది తన ఇష్టంతో, తండ్రి శంతనుడిచ్చిన వరంతో. మన పెద్దవాళ్ళని ఆపుతున్నది మన ఇష్టంతో. ఆ రెండూ ఒకటి కావు.

దీనికి ఒకాయన నాతో వాదించారు. ఫలశ్రుతిలో "రోగార్తో ముచ్యతే రోగాత్" అని ఉంది కదమ్మా, చివరిదాకా పోరాడాలని కదా అర్థం అన్నారు. ఆ ఫలశ్రుతి చెప్పినాయన లేచి కూర్చున్నాడా అని అడిగాను. వెయ్యి నామాలు చెప్పిన నోటితో తన కోసం ఆయన ఒక్క కట్టు కూడా అడగలేదు.

మరి అడిగిందేమిటి? తలగడ.

తల కిందికి వేలాడిపోతోంది, తలగడ కావాలన్నాడు. రాజులందరూ పరుగెత్తి మెత్తటి పట్టు తలగడలు తెచ్చారు. భీష్ముడు నవ్వి, వీరుడి పడకకి ఇవి తగవన్నాడు. అర్జునుడి వైపు చూశాడు. అర్జునుడు కళ్ళ నీళ్ళతోనే గాండీవం ఎత్తి, మూడు బాణాలు తలకి ఆసరాగా నిలిపాడు. మర్నాడు దాహమన్నాడు. మళ్ళీ అందరూ రకరకాల భక్ష్యాలు, చల్లటి నీళ్ళ కుండలు మోసుకొచ్చారు. అవీ వద్దన్నాడు. అర్జునుడు పర్జన్యాస్త్రంతో భూమిని చీల్చి నీటిధార తెప్పించాడు. అడిగింది ఏమిటో అందరూ విన్నారు. ఆ మనిషికి ఎలా కావాలో ఒక్కడికే అర్థమైంది. రోజూ చెయ్యి వేసి, పక్కన ఉండి, ముఖం చూసి కనిపెట్టేవాళ్ళకే వచ్చే తెలివి అది.

ఆ తెలివి నేను ఒక నర్సమ్మ దగ్గర చూశాను. మా మామయ్యగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. ఇంక కీమో వద్దని ఆయనే చెప్పారు. ఇంటికి తెచ్చుకున్నాం. పేరుకి తెచ్చుకున్నది నా భర్త, మరిది; చూసుకున్నది నేను, పగలు పనికొచ్చే కేర్‌టేకర్ అమ్మాయి, వారానికోసారి వచ్చే పాలియేటివ్ (నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే సేవ) నర్సమ్మ. (మగపిల్లలు మందులు తెస్తారు, పక్కబట్టలు ఆడవాళ్ళు మారుస్తారు. ఈ ధర్మశాస్త్రం ఎవరు రాశారో మరి.) బంధువులు పళ్ళు, హార్లిక్సు పట్టుకొచ్చేవారు. "నోట్లో ఏమీ పెట్టకపోతే ఎలా, పస్తు పెట్టి చంపుతారా" అనేవారు. నర్సమ్మ వాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది: ఒళ్ళు సెలవు తీసుకుంటున్నప్పుడు ఆకలి ముందు పోతుంది, తినక చనిపోవడం కాదు, చనిపోతున్నారు కాబట్టి తినరు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పెదాలు తడపండి, చాలు. తడి దూదితో పెదాలు తడపడం, రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పడం, మడమల కింద మెత్తటి గుడ్డ పెట్టడం, ముడతల్లేకుండా దుప్పటి లాగడం. భీష్ముడి తలగడ అంటే నాకు ఇప్పుడు ఇవే.

ఇంక అసలు సంగతికి వస్తాను. యుద్ధం అయ్యాక శ్రీకృష్ణుడు ధర్మరాజుని వెంటబెట్టుకుని వచ్చి, తాతా, ఇతనికి ధర్మాలు చెప్పు అన్నాడు. భీష్ముడేమన్నాడో తెలుసా? నా వల్ల కాదన్నాడు. ఒళ్ళు మండిపోతోంది, మాట రావడం లేదు, మనసు నిలవడం లేదు, ఎలా చెప్పను అన్నాడు. అంతటి జ్ఞాని. అప్పుడు కృష్ణుడు "నువ్వు భీష్ముడివయ్యా, ఓర్చుకో" అనలేదు. కర్మ అనుభవించాల్సిందే అని వేదాంతం చెప్పలేదు. "న తే గ్లానిర్న తే మూర్ఛా న దాహో న చ తే రుజా" అని వరమిచ్చాడు. నీరసం, మూర్ఛ, మంట, నొప్పి, ఆకలిదప్పులు ఏవీ నిన్ను బాధించవు అని. ముందు నొప్పి తీశాడు. శాంతిపర్వం, ఆనుశాసనికపర్వం, అందులో సహస్రనామం, అన్నీ ఆ తర్వాతే. నొప్పి తీయకపోతే మనకి విష్ణు సహస్రనామమే లేదు! ఈ మాట మైకులో చెప్పాలని ఉంటుంది నాకు.

మామయ్యగారికి నొప్పి ఎక్కువైన రోజుల్లో మా చుట్టాలావిడ సెల్‌లో సహస్రనామం పెట్టి చెవి పక్కన ఉంచింది. నలభై ఏళ్ళుగా నిత్యం పారాయణ చేసిన మనిషి, "ఆపమ్మా" అన్నారు. ఆవిడ బాగా నొచ్చుకుంది. డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశారు. మత్తుమందిచ్చి పంపించేస్తున్నారా అని మా పెదమామగారు గొడవ చేశారు. డాక్టరు చూసి, కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుకుంటూ ఇస్తే అది ప్రాణం తీయదు, నొప్పి తీస్తుంది. మలబద్ధకం చేస్తుంది, దానికి వేరే మందిస్తారు. మార్ఫిన్ తీసే నల్లమందు మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో లైసెన్సు మీద పండుతుంది. అయినా మత్తుమందుల చట్టం చిక్కుల వల్ల మన రోగులకే మార్ఫిన్ దొరికేది కాదు. 2014లో చట్టం సవరించాక కొంత నయం. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ నొప్పి తీసే వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్‌లాంటి చోట్ల డబ్బు తీసుకోకుండా చివరిదాకా చూసుకుంటారు. తెలిసినవాళ్ళు తక్కువ, అంతే.

మందు పడిన మర్నాడు సాయంత్రం మామయ్యగారు నన్ను పిలిచి, "విశ్వం విష్ణుః... అందుకో" అన్నారు. సగం నామాలు ఆయన, సగం నేను.

వరం దొరికాక కూడా భీష్ముడు నూరేళ్ళలా గడిచిందనే అన్నాడు, అది మర్చిపోకండి. నొప్పి తీస్తే మంచం తీసినట్టు కాదు. పక్కన మనిషి కావాలి. యుద్ధం ఇంకా ముగియకముందే, అందరూ వెళ్ళిపోయాక కర్ణుడు ఒంటరిగా వచ్చాడు. భీష్ముడు కాపలావాళ్ళని పంపించేసి, ఇన్నాళ్ళు కసిరిన వాడిని ఒక చేత్తో దగ్గరికి తీసుకున్నాడు. గుంపులుగా వచ్చి ఎదురుగానే ఏడ్చేవాళ్ళు, ఇది కాస్త చదువుకోండి. రామదాసు దాశరథీ శతకంలో "రోగముల్ గొప్పరమైనచో గఫము కుత్తుక నిండినవేళ, బాంధవుల్ గప్పినవేళ" రామా నీ స్మరణ కలుగుతుందో లేదో అని భయపడ్డాడు. కఫంతో పాటు బంధువుల్నీ అదే జాబితాలో వేశాడు మహానుభావుడు. ఆ కఫం గురగురకి మనం హడలిపోయి, గొట్టంతో కఫం లాగేసే సక్షన్ పెట్టండి అంటాం. రోగికి సాధారణంగా అప్పటికే దాని స్పృహ ఉండదని, పక్కకి తిప్పి పడుకోబెడితే చాలాసార్లు సద్దుమణుగుతుందని నర్సమ్మ చెప్పింది. అలాగే చేశాం.

అలాగని అందరికీ వైద్యం ఆపెయ్యమని నేను అనడం లేదు, అపార్థం చేసుకోకండి. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు 1973లో ఒక దుర్మార్గుడి దాడికి గురై, 2015లో పోయేదాకా అక్కడే మంచం మీద ఉంది. ఆమెకి విముక్తి ఇవ్వమని వేరేవాళ్ళు కోర్టుకెళితే, ఆమెని కన్నబిడ్డలా చూసుకున్న నర్సులు వద్దన్నారు. అన్నేళ్ళలో ఆమె ఒంటి మీద ఒక్క పడకపుండు కూడా లేదని 2011 తీర్పులోనే ఉంది. కోర్టు వాళ్ళ మాటే విన్నది. ఆమె ఇష్టం ఏమిటో చెప్పడానికి ఆమెకి అవకాశమే లేకపోయింది.

చెప్పే అవకాశం ఉన్నవాళ్ళం మనం. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా పోవడం కూడా జీవించే హక్కులో భాగమేనంది. కోలుకునే ఆశ లేని స్థితిలో నాకు వెంటిలేటర్ వంటివి వద్దని ముందే కాగితం రాసుకోవచ్చు. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలనేవారు. 2023 జనవరిలో సులువు చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. మీరు మాట్లాడలేనప్పుడు మీ తరఫున ఎవరు మాట్లాడాలో పేర్లు రాయాలి. ఆపే ముందు రెండు వైద్య బోర్డులు చూసి ఒప్పుకోవాలి, అత్త మీద కోపమున్న కోడలు చెబితే ఆపరు. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం వేరు, అది నేరమే.

పండగ పూట ఈ చావు మాటలేమిటమ్మా అంటారని తెలుసు. భీష్మాష్టమి నాడు ఆయనకి తర్పణాలు వదిలేదీ మనమే కదా. "అపుత్రాయ" అని మరీ వదులుతాం. కొడుకులు లేని మనిషికి దేశమంతా నీళ్ళు వదిలే రోజు, కొడుకులున్న మనిషిని "నీకెలా కావాలి నాన్నా" అని అడిగితే అమంగళమా?

మా గుళ్ళో ఈసారి ఆవృత్తులు తగ్గిస్తున్నాం, కొందరు అలిగారు కూడా. ఫలశ్రుతి అయ్యాక ఆ నర్సమ్మ వస్తుంది. మంచం మీది మనిషిని నడుం పట్టకుండా ఎలా తిప్పాలో, పెదాలు ఎలా తడపాలో చేసి చూపిస్తుంది. నోటరీ చేసే లాయరుగారు కూడా వస్తానన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకుంటున్న ఆడవాళ్ళు పారాయణకి కుదరకపోయినా ఆ గంటకి రండి. మగవాళ్ళు తప్పకుండా రండి, తిప్పడం ముందు మీకే నేర్పమని చెప్పాను. చీర ఏ రంగుదైనా ఫరవాలేదు.