ఒక ఇంటికి ఒకటే ఎర్త్

సరదాకు నడిపే నా హ్యామ్ రేడియోకు ఎర్త్ రాడ్డు దింపుదామని తవ్విస్తుంటే, మూడడుగులు దిగంగనే గడ్డపార ఖంగుమన్నది. ‘కింద బండ ఉన్నది బిడ్డా’ అన్నడు తవ్వే కాక. ఒంటిరాయి పేరు మీద వెలసిన ఓరుగల్లు పక్కన ఉంటూ రాయి తగిలిందని బాధపడితే ఎట్ల? హన్మకొండల మా ప్రహరీ వెంబడి రెండు గజాలు జరిగి మళ్ల తవ్వినం. అక్కడ ఎర్రచెల్క, దానికింద మొరం. 8 అడుగుల రాగిపూత రాడ్డు నిలువుగ దిగింది.

గుంతల బొగ్గు, ఉప్పు పోద్దామన్నడు ఎలక్ట్రీషియన్ తమ్ముడు. ఉప్పు వానలకు కరిగిపోతది, పోయేలోపు లోహాన్ని తింటది. నేను బెంటోనైట్ అనే బంకమట్టి పొడి తెప్పించిన. అంబలి లెక్క చిక్కగ కలిపి, గడ్డలు లేకుంట చేతులతోనే పిసికి పోసినం. తడిస్తే ఉబ్బి రాడ్డును గట్టిగ పట్టుకుంటది, తేమను తొందరగ విడువది.

ఇంత చేసి ఒక పెద్ద తప్పు చేసిన. ఇన్వర్టర్ గోల రేడియోకు ఎక్కుతదని నా హ్యామ్ ఎర్త్‌ను ఇంటి ఎర్త్‌కు కలపలే. ఓ పొద్దు 7 మెగాహెర్ట్జ్ మీద ఆ సంగతి చెప్తే, హైదరాబాద్ సీనియర్ ఒకాయన ‘ముందుగాల రెండూ కలుపు, తర్వాత మాట్లాడుకుందాం’ అన్నడు. దగ్గర్ల పిడుగు పడితే ఒక రాడ్డు కాడ వోల్టేజీ వేలల్లకు లేస్తది, రెండోది కిందనే ఉంటది. ఆ తేడా పారేది నడుమ ఉన్న రేడియోల నుంచే, దాన్ని పట్టుకున్న నా చేతుల నుంచే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

తెల్లారి రాగిపట్టీ తెచ్చి మీటర్ బోర్డు కింది ఎర్త్ దాక పరిచి బిగించిన. మూలల కాడ మడత పెట్టకుంట గుండ్రంగ వంచిన, పిడుగుకు కోసు మలుపు గిట్టదు. యాంటెన్నా నుంచి వచ్చే కోక్స్ కేబుల్ ఇంట్లకు రాకముందే, గోడ బయటనే, పిడుగు పోటును నేలకు మళ్లించే అరెస్టర్ పెట్టి అదే పట్టీకి కలిపిన.

మాట్లాడేటప్పుడు రేడియో కరెంటు కోక్స్ వెంబడి వెనక్కొచ్చి, మైకు పెదవికి తగిలితే చురుక్కుమనేది. ఎర్త్‌తోని అదీ పోతదనుకున్న, పోలే. మేడమీది గది నుంచి రాడ్డుకు తీగ దాదాపు 10 మీటర్లు, 7 మెగాహెర్ట్జ్‌ల పావు తరంగం పొడవు కూడా అంతే. కింద నేలను తాకినా, పైన ఆ ఫ్రీక్వెన్సీకి దారి మూసినట్టే. డైపోల్ (రెండు తీగల యాంటెన్నా) నడుమ కోక్స్‌ను ఫెరైట్ రింగుకు చుట్టి, ఆ వెనక్కొచ్చే కరెంటును ఆపే చోక్ చేసినంకనే చురుకు ఆగింది.

ఇంత చేసినా మొగులైతే కోక్స్ ఊడదీసి బయటనే పెడుత. ఇప్పుడు ఉరుము వినవడితే చాలు, కింది నుంచి బాపు కేకేస్తడు, ‘తీగ పీకినవారా?’ అని.