.375ని 25 గజాల్లో జీరో చేయడం: మూడు సెషన్ల లాగ్

జీరో చేయడమంటే స్కోప్‌లో గురిపెట్టిన చోటికీ బుల్లెట్ తగిలే చోటికీ పొంతన కుదర్చడం. రైఫిల్ .375 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్) మాగ్నమ్, బోల్ట్ యాక్షన్, స్కోప్‌తో కలిపి 9 పౌండ్లు దాటుతుంది. క్యాట్రిడ్జ్ 1912 నాటిది, వందేళ్లు దాటినా ఇంకా పెద్ద జంతువుల వేటకి ముందు గుర్తొచ్చే పేర్లలో ఇదొకటి. నేను వాడింది 300 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్, సెకనుకి దాదాపు 2530 అడుగుల వేగం. దీని తన్ను (కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) మామూలు వేట క్యాట్రిడ్జ్ .30-06తో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే కింద రాసిన తప్పుల్లో సగం ఆ తన్ను వల్ల వచ్చినవే.

రేంజ్‌కి వెళ్లే ముందు ఇంట్లో చేసిన పని: స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే బేస్ స్క్రూలు, రింగ్ స్క్రూలు అన్నీ విప్పి నూనె తుడిచి మళ్లీ బిగించా, రింగులు టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పిన 18 ఇంచ్-పౌండ్లకి. చేతి అంచనాతో బిగిస్తే ఈ కాలిబర్ పది రౌండ్లలో వదులు చేసేస్తుంది అన్నారు, సరే అనుకున్నా. స్కోప్ ఎంత ముందుకి పెట్టాలో చూడ్డానికి కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి తర్వాత కళ్లు తెరిచేవాణ్ణి, అంచుల్లో నల్లటి నీడ లేకుండా నిండుగా కనిపించేదాకా జరిపా. కంటికీ స్కోప్‌కీ మధ్య నాలుగు అంగుళాలు మిగిలాయి.

మొదటి సెషన్, 13 రౌండ్లు

బోల్ట్ తీసేసి, రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కుదురుగా పెట్టి, వెనక నుంచి బారెల్ లోపలికి చూస్తూ 25 గజాల్లో ఉన్న నల్ల చుక్కని గొట్టం మధ్యకి తెచ్చా, తర్వాత రైఫిల్ కదలకుండా టరెట్లు (స్కోప్ మీద సర్దుబాటు చేసే గుండీలు) తిప్పి క్రాస్‌హెయిర్‌ని (స్కోప్ లోపలి గురి గీతలు) కూడా అదే చుక్క మీదికి. దీన్నే బోర్ సైటింగ్ అంటారు. ఇక్కడ చాలామంది తికమక పడతారు, నేనూ పడ్డా. టరెట్ మీద బాణం గుర్తు బుల్లెట్ ఎటు జరుగుతుందో చెప్తుంది, క్రాస్‌హెయిర్ ఎటు కదులుతుందో కాదు. బోర్ సైటింగ్‌లో కంటికి అన్నీ తలకిందులుగా అనిపిస్తాయి.

ఇంకో మాట. 25 గజాల్లో సరిగ్గా చుక్క మధ్యలో కొట్టడం నా లక్ష్యం కాదు. స్కోప్ బారెల్‌కి ఒకటిన్నర అంగుళం పైన ఉంది, బుల్లెట్ ఆ కింద నుంచి మొదలై చూపు గీత (స్కోప్‌లోంచి నేరుగా చూసే గీత) వైపు ఎక్కుతూ వస్తుంది. ఈ లోడ్‌తో 25 దగ్గర అర అంగుళం కింద తగిలితే 50 దగ్గర గీతని కలుస్తుంది, కొంచెం పైనుంచి పోయి 100 దగ్గర మళ్లీ దాదాపు గీత మీదికే దిగుతుంది. అదే 25లో నడిమధ్యన జీరో చేస్తే 100 దగ్గర రెండు అంగుళాలకి పైనే ఎత్తుగా పోతుంది. అది కావాలనుకునేవాళ్లూ ఉన్నారు, నాకు మాత్రం 50 జీరోనే కావాలి, ఎందుకంటే ఈ తుపాకీ పని అంతా ఆ దూరం లోపలే.

మొదటి రౌండ్ మూడు అంగుళాలు ఎడమకి, రెండు అంగుళాలు కిందకి పడింది. బోర్ సైటింగ్‌కి అది మంచి ఫలితమే. అలవాటుగా క్లిక్కుకి పావు అంగుళం లెక్కేసి 12 క్లిక్కులు కుడికి, 6 క్లిక్కులు పైకి (అర అంగుళం కిందే ఉంచాలి కదా) తిప్పి రెండోది కాల్చా, ఇంకా రెండుంపావు ఎడమకే ఉంది. స్కోప్ పాడైందిరా దేవుడా అని పది నిమిషాలు తిట్టుకున్నా. బావ బెంచీ పక్కన టీ తాగుతూ "ఎన్ని గజాలు బావా?" అన్నాడు, అంతే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టయింది నా పని. పావు ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, కోణం కొలత) క్లిక్కంటే 100 గజాల దగ్గర పావు అంగుళం, 50 దగ్గర అందులో సగం, 25 దగ్గర అంగుళంలో పదహారో వంతు. అంటే ఇక్కడ అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు. మిగిలిన 36 కుడికి, 18 పైకి ఇచ్చాక మూడో రౌండ్ అనుకున్న చోటికి పావు అంగుళంలో దిగింది.

నాలుగు, అయిదు, ఆరు రౌండ్లు ఒక గ్రూప్ (ఒకే గురికి కాల్చిన రంధ్రాల గుంపు), దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య సెంటర్ నుంచి సెంటర్‌కి ముప్పావు అంగుళం. ఈ కాలిబర్‌లో రంధ్రమే అంగుళంలో మూడో వంతు పైన ఉంటుంది కాబట్టి రెండు కలిసిపోతే ఏది ఏదో తెలియదు, రౌండ్ రౌండ్‌కీ పెన్నుతో నంబర్ వేసుకోవాల్సిందే.

అక్కడితో ఆపేసి ఉంటే ఈ లాగ్ సగమే ఉండేది. ఆపలేదు. ఏడు నుంచి పది దాకా ఒక్కోటీ ఒక్కో చోట, ఎక్కువగా కిందకి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు టరెట్ పట్టుకుని 8 క్లిక్కులు పైకి తిప్పా, అయినా కిందకే. తొమ్మిదో రౌండ్‌కి మెడ ముందుకి చాచి దగ్గరికి వెళ్లిపోయినట్టున్నా, స్కోప్ అంచు కనుబొమ్మని తాకింది, నెత్తురు రాలేదు గానీ చావు తప్పి కన్ను లొట్టబోయినంత పనైంది.

బావ అప్పటిదాకా టార్గెట్ చూడట్లేదు, నన్ను చూస్తున్నాడు. "రైఫిల్ ఇటివ్వు, లోడ్ నేను చేస్తా" అన్నాడు. నాకు కనపడకుండా ఒక్కో రౌండ్ పెట్టి ఇస్తాడు, కొన్ని అసలైనవి, కొన్ని డమ్మీలు (పేలనివి). రెండోసారే డమ్మీ వచ్చింది. ట్రిగ్గర్ నొక్కా, క్లిక్ మంది, శబ్దం లేదు, తన్ను లేదు, కానీ బారెల్ మూతి మాత్రం రెండు అంగుళాలు కిందకి వంగింది. కళ్లు రెండూ గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి. నా రైఫిల్ నా ముందే నన్ను పట్టించేసింది. అయిదుసార్లలో రెండు డమ్మీలు, రెండిటికీ అదే కథ. ఆరో రౌండ్ తర్వాత కాగితం మీద పడింది రైఫిల్ జీరో కాదు, నా భయం. ఆ 8 క్లిక్కులు వెంటనే వెనక్కి తిప్పేసి ఇంటికెళ్లిపోయాం.

మధ్యలో

పది రోజులు రోజూ పదిహేనుసార్లు స్నాప్ క్యాప్‌తో (పేలని ప్రాక్టీస్ రౌండ్) డ్రై ఫైర్, అంటే అసలు తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం, గోడ మీద చుక్క చూస్తూ. ట్రిగ్గర్ క్లిక్ మన్నాక కూడా క్రాస్‌హెయిర్ ఎక్కడుందో పైకి చెప్పాలి, చెప్పలేకపోతే కన్ను మూశానన్నమాట.

రెండో సెషన్, 9 రౌండ్లు

మార్చినవి మూడు. ఒకటి, బెంచీ మీద వంగి పడుకున్నట్టు కాకుండా సంచులు ఎత్తు పెంచి నిటారుగా కూర్చున్నా. వంగి ఉంటే ఒంటికి వెనక్కి ఊగే దారి ఉండదు, తన్ను మొత్తం భుజమే మింగాలి. రెండు, బట్‌కీ (రైఫిల్ వెనక చివర) భుజానికీ మధ్య సీసం గుళ్ల సంచి. వేటలో ఇదేం ఉండదు, కానీ జీరో చేసేటప్పుడు పరువు గురించి ఆలోచించకండి. మూడు, చెవిలో ప్లగ్, దాని మీద మఫ్ కూడా. సగం ఉలికిపాటు శబ్దానికే వస్తుందని అప్పుడు అర్థమైంది.

ఇసుక సంచి మీద ఆనాల్సింది బారెల్ కింద ఉండే ముందు చెక్క, బారెల్ కాదు. పైగా తేలిక తుపాకీలా వదిలేయకుండా ముందు చెక్కని ఎడమ చేత్తో పట్టుకునే కాల్చా, లేకపోతే సంచి మీంచి ఎగిరిపోతుంది. ప్రతి రెండు పెద్ద రౌండ్ల మధ్య తన్ను లేని చిన్న .22 రైఫిల్‌తో అయిదు, ఈలోపు బారెల్ కూడా చల్లబడుతుంది.

25లో మూడు రౌండ్లు, అర అంగుళం గ్రూప్, సరిగ్గా అర అంగుళం కింద. 50లో మూడు, అంగుళం గ్రూప్, మధ్య పావు అంగుళం కింద, అంటే 2 క్లిక్కులు పైకి, ఇంకొకటి కాల్చి చూసుకున్నా, సరిపోయింది. 100లో రెండు, రెండూ సెంటర్‌కి ఒకటిన్నర అంగుళం లోపల. తొమ్మిదికి ఆపేశా. ఇంకో నాలుగు కాల్చాలని చెయ్యి పీకింది, బావ డబ్బా మూత పెట్టేశాడు.

25లో ఇంకో చిన్న మోసం ఉంది, పారలాక్స్. నా స్కోప్‌కి అది 100 గజాలకి సెట్ చేసి ఉంది, దగ్గర్లో తల కాస్త పక్కకి జరిగినా క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జారుతుంది, పావు అంగుళం తేడా సులువుగా వస్తుంది. అంటే నాలుగు క్లిక్కులు. చెంప ప్రతిసారీ చెక్క మీద ఒకే చోట ఆనాలి. నేను అక్కడ చిన్న టేప్ ముక్క అతికించా.

మూడో సెషన్, 9 రౌండ్లు

ముందు రోజు బారెల్ శుభ్రం చేసి నూనె తుడవడం మర్చిపోయా. మొదటి రౌండ్ 50లో అంగుళం పైగా ఎత్తుకి పోయింది. క్లిక్కు ముట్టుకోలేదు (అదీ నా ప్రోగ్రెస్). నూనెలోంచి పోయే మొదటి బుల్లెట్‌ని లెక్కలోకి తీసుకోకూడదు. ఇకనుంచి బయల్దేరే ముందు పొడి గుడ్డ లాగి, ఒక ఫౌలింగ్ షాట్ (శుభ్రం చేసిన బారెల్‌లోంచి లెక్కలోకి రాని మొదటి రౌండ్) కాల్చాకే మిగతావి.

తర్వాత బెంచీ వదిలేసి నిలబడి మూడు కాళ్ల స్టిక్స్ (రైఫిల్ ఆనించే కర్రలు) మీద, 50లో ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేట్‌కి అయిదు రౌండ్లు. నాలుగు లోపల, ఒకటి అంచు బయట, అది ట్రిగ్గర్ లాగేటప్పుడే తెలిసిపోయింది. వింతేంటంటే నిలబడి కాల్చితే తన్ను సగమే అనిపిస్తుంది, ఒళ్లంతా దాంతో పాటు వెనక్కి ఊగుతుంది కదా.

చివర్లో సరదాకి 270 గ్రెయిన్ బుల్లెట్లు మూడు. గ్రూప్ బాగానే ఉంది గానీ అంగుళం పైకి, కాస్త కుడికి. దీనికోసం టరెట్ తిప్పడం మొదలుపెడితే మళ్లీ మొదటి సెషన్‌కి పోతా, అందుకే ఆ డబ్బా పక్కన పెట్టేశా, ఈ రైఫిల్‌కి 300 ఒక్కటే. టరెట్ మూతలు బిగించి, రింగుకీ స్కోప్ గొట్టానికీ కలిసేలా తెల్ల పెన్నుతో సన్న గీత గీశా, స్కోప్ జారితే గీత విడిపోయి కనిపిస్తుంది.

భుజం మీద పచ్చగా ఉన్నది ఇంకా పోలేదు. వచ్చేసారి స్టిక్స్ మీద నుంచే పది, అందులో డమ్మీలు ఎన్నో బావ చెప్పనన్నాడు.