నాలుగు గంటలకు వచ్చే సిస్టర్

2019 ఆగస్టులో నాకు రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం మొదలైంది. సర్జికల్ వార్డులో పదకొండేళ్లుగా పనిచేస్తున్న స్టాఫ్ నర్సును కాబట్టి, నైట్ డ్యూటీల వల్ల నిద్ర చెడిందని సరిపెట్టుకున్నాను. మెలకువతో పాటు గుండెల మీద బండ పెట్టినట్టు ఒక బరువు వచ్చేది. సాయంత్రానికి కాస్త తగ్గి, మర్నాడు మూడింటికి మళ్లీ యథాప్రకారం వచ్చేది. వేకువనే మెలకువ రావడం, పొద్దుట బాధ ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గడం తీవ్రమైన డిప్రెషన్ లక్షణాలని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా అది నాకు వర్తిస్తుందని ఒక్కనాడూ తోచలేదు.

దసరా నాటికి ఆరు కిలోలు తగ్గాను. సెలైన్ చుక్కల లెక్క రెండుసార్లు తప్పు వేసి, తోటి సిస్టర్ సరిదిద్దాక, నా చేతుల్లో ఎవరి ప్రాణమైనా పోతుందేమోనన్న భయంతో సెలవు పెట్టాను. ఇంట్లో దిష్టి తీశారు, మొక్కుకున్నారు, థైరాయిడ్ పరీక్ష చేయిస్తే అదీ బాగానే ఉంది. ఒక రాత్రి మా ఆయనతో, నేను లేకపోతేనే మీకందరికీ నయమని అన్నాను. ఆయన వాదించలేదు, తెల్లవారగానే మానసిక వైద్య విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ మాటను ఊరికే అన్నదిగా కొట్టిపారేయకుండా విన్నందుకు ఆయనకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

నేను చదువుకున్న రోజుల్లో 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఉండేది. 2018 మే నెల నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నా ఇష్టపూర్వకంగానే చేరుతున్నానని సంతకం చేసి, నా తరఫున మాట్లాడే ప్రతినిధిగా మా ఆయన పేరు రాశాను. తరువాత వస్తువులు పరిశీలించి, చేతికున్న మట్టిగాజులు తీసేయమన్నారు. గాజు పగిలితే ప్రమాదమని నాకు తెలుసు. కానీ పక్కనే ఉన్న మా అత్తగారు, మొగుడు ఎదురుగా ఉండగా పుణ్యస్త్రీ చేతులు బోసిగా చేస్తారా అని ఏడుపు మొదలుపెట్టారు. వార్డు సిస్టర్ నియమం నియమమేనని కసరలేదు. "అమ్మా, మీరు చెప్పింది నిజమే, ఒక్క పూట కూడా బోసిగా ఉంచం" అని ఆయాను పంపి, ఎదుటి కొట్టులోంచి ఎర్ర ప్లాస్టిక్ గాజులు తెప్పించి, అవి వచ్చాకే నా గాజులు తీసింది. ప్రమాదాన్ని తొలగించడం ఎంత ముఖ్యమో, తొలగించేటప్పుడు మనిషి మర్యాదకు భంగం రాకుండా చూడటం కూడా అంతే ముఖ్యమని మాకు పాఠం చెప్పారు కానీ, అది చేతల్లో ఎలా ఉంటుందో నేను చూసింది ఆ రోజే.

ఆలోచన, ధ్యాస ఎలా ఉన్నాయో ప్రశ్నలతో తెలుసుకునే మనోస్థితి పరీక్ష కూడా ఆమే చేసింది. విద్యార్థినిగా విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో పోస్టింగు చేసినప్పుడు, అవే ప్రశ్నలు కాగితం చూసుకుంటూ నేను రోగులను అడిగాను. నూరులోంచి ఏడు తీసేస్తూ వెళ్లమంది. తొంభై మూడు, ఎనభై ఆరు అన్నాను, ఆ తరువాత అంకె దొరకలేదు. రోజంతా మందుల మోతాదులు లెక్కగట్టే దాన్ని, ఎనభై ఆరు దగ్గర నిలిచిపోయాను. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటే ఏమిటని అడిగింది. అర్థం తెలుసు, కానీ ఎంతసేపు ప్రయత్నించినా ఆ మాటలు నోటి దాకా రాలేదు. ఆమె అందించలేదు, తొందరపెట్టలేదు, గడియారం చూడలేదు. చివరికి నేను "తెలియదు" అంటే, "ఇప్పుడు ఆలోచనలు మెల్లగా నడుస్తున్నాయి, అది జబ్బు లక్షణం. మీ తెలివికేమీ కాలేదు" అంది.

హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికన్ నర్సు 1952లో, నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమని సిద్ధాంతీకరించారు. ఆ సంబంధానికి పరిచయం, పని, ముగింపు అనే దశలుంటాయని, ముగింపు గురించి మొదటి రోజే చెప్పాలని మా పాఠ్యపుస్తకాల్లో ఉండేది. చివరి మాట నాకు అప్పట్లో కఠినంగా తోచేది. ఆ సిస్టర్ మాత్రం మొదటి రోజే చెప్పింది: "రోజూ నాలుగింటికి వచ్చి ఇరవై నిమిషాలు కూర్చుంటాను. మాట్లాడితే వింటాను, మాట్లాడకపోయినా కూర్చుంటాను. మీరు ఇంటికి వెళ్లే రోజుతో ఇది పూర్తవుతుంది." తన సెలవు రోజు ఎవరు వస్తారో కూడా ముందే చెప్పేది. మొదటి నాలుగు రోజులు నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మంచానికి కాస్త ఏటవాలుగా స్టూలు వేసుకుని, ఫోను పక్కన పెట్టి, ఇరవై నిమిషాలూ ఉండి, "రేపు నాలుగింటికి వస్తాను" అని లేచేది. ఏ పనికీ పనికిరానని నమ్ముతున్న మనిషి కోసం ఒకరు చెప్పిన వేళకు రావడం ఎంత పెద్ద సంగతో, బయటి నుంచి చూసేవారికి అర్థం కావడం కష్టం. ఐదో రోజు నేను, సెలైన్ లెక్క తప్పాను సిస్టర్ అన్నాను. ఏం కాదులే అని ఆమె సర్దిచెప్పలేదు. "అప్పటినుంచీ అది మోస్తున్నారన్నమాట" అంది. చాలాసేపు ఏడ్చాను.

ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టిన రెండో వారంలో నిద్ర, ఆకలి కుదుటపడ్డాయి, వార్డులో నడవగలిగాను, ఇంట్లోవాళ్లు సంతోషించారు. అప్పుడే ఆమె నన్ను చూసిపోవడం పెంచింది. మనసులోని నిరాశ తగ్గకముందే ఒంట్లో శక్తి తిరిగి వస్తుంది కాబట్టి ఈ దశలో ప్రమాదం ఎక్కువని మా ఆయనకు నా ఎదుటే వివరించి, చచ్చిపోవాలన్న ఆలోచనలున్నాయా అని నన్ను సూటిగా అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. నాకైతే దాచుకున్నది దించుకునే చోటు దొరికింది.

ఇరవై నాలుగో రోజు ఇంటికి పంపారు. ఆ రోజు నాలుగింటికి ఆమె మళ్లీ నూరులోంచి ఏడు తీసేయమంటే, నెమ్మదిగానైనా రెండు దాకా వచ్చాను. ఫోన్ నంబరు అడిగితే సొంత నంబరు ఇవ్వలేదు, వార్డు నంబరిచ్చింది. ఆ తరువాత నా చేతే ఒక కాగితం రాయించింది: మూడింటికి మెలకువ, కాఫీ రుచి తెలియకపోవడం, ఫోన్లు ఎత్తకపోవడం, చిన్న తప్పును రోజుల తరబడి తలచుకోవడం. వీటిలో ఏ రెండు లక్షణాలైనా ఒక వారం పాటు కనిపిస్తే ఎవరు ఏం చేయాలో కింద రాసి, మా ఆయనా నేనూ సంతకాలు చేశాం. దాన్ని బీరువా తలుపు లోపలి వైపు అంటించాను.

పూర్తిగా కోలుకున్నాక కూడా తొమ్మిది నెలలు మందులు వాడి, డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాను. 2022 నవంబరులో ఒక వారం వరసగా మూడింటికి లేచాను. నేను నైట్ డ్యూటీల మీదికి నెట్టేయబోతుంటే, మా ఆయన బీరువా తెరిచి కాగితం చూపించారు. అంతకు ముందు నెలే మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఆ రాత్రే ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడి, రెండు రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్లాం. మందులు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం రాలేదు.