పక్క కుర్చీ

మా విద్యార్థి బ్యాండ్ రోజుల గురించి సంచికకి ఏదైనా రాసివ్వమని అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చింది స్టేజీ కాదు. స్టేజీ దిగాక వెనక గదిలో గడిచిన ఇరవై నిమిషాలు, నా పక్కనున్న ఒక ఖాళీ కుర్చీ.

నేను యుఫోనియం వాయించేవాణ్ణి. చూడనివాళ్ళ కోసం చెప్తున్నా, అది ట్యూబా అనే పెద్ద ఇత్తడి ఊదుడు వాద్యానికి తమ్ముడిలాంటిది. ఒళ్ళో పెట్టుకుని వాయిస్తారు. బ్యాండ్‌లో అందరి కళ్ళూ ట్రంపెట్ల మీదే ఉంటాయి కాబట్టి మేం తప్పు వాయించినా పెద్దగా ఎవరికీ తెలిసేది కాదు. అది మాకు హాయిగానే ఉండేది. ఆ ఏడాది మా బ్యాండ్ సార్ ఆ హాయి కాస్తా పోగొట్టారు. బ్యాండ్‌లు వచ్చి జడ్జిల ముందు వాయించే ఫెస్టివల్‌కి ఆయన ఎంచుకున్నది గుస్తావ్ హోల్స్ట్ అనే స్వరకర్త 1909లో మిలటరీ బ్యాండ్ కోసం రాసిన మొదటి సూట్, అంటే కొన్ని భాగాలు కలిసిన సంగీత రచన. అందులో మొదటి భాగం పేరు షకోన్. ఎనిమిది బార్ల (బార్ అంటే మన తాళంలో ఆవర్తంలాంటి కొలత) బాణీ ఒకటి మొదలై, ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి చేతులు మారుతూ చివరిదాకా నడుస్తుంది. మధ్యలో ఒకచోట తలకిందులై కూడా వస్తుంది. మరి మొదలుపెట్టేది ఎవరు? ట్యూబాలు, యుఫోనియం. అంతే. మిగతా బ్యాండంతా నోరు మూసుకుని మమ్మల్నే చూస్తుంటుంది.

ఆ రోజు తెర వెనక చాలాసేపు నిలబెట్టారు. ఇత్తడి చల్లబడితే శ్రుతి దిగిపోతుందని వాద్యాల్లోకి వెచ్చటి గాలి ఊదుతూనే ఉన్నాం. శ్రుతి సంగతి చూసుకున్నాం గానీ ఊపిరి సంగతి మర్చిపోయాం. బాణీ సగంలో, నాలుగో బార్ చివర, నాకూ ఇద్దరు ట్యూబావాళ్ళకీ ఒకేసారి ఊపిరి అయిపోయింది. ముగ్గురం ఒకేసారి ఆగాం. అంత పెద్ద హాల్లో ఒక్క క్షణం పాటు ఏ చప్పుడూ లేదు. తర్వాత కచేరీ బాగానే సాగిందంటారు. నాకు మాత్రం ఆ ఖాళీ తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఇలాంటి ఫెస్టివల్స్‌లో జడ్జిలు మార్కులు వేసి ఊరుకోరు. వింటున్నంతసేపూ తమకు తోచింది మాట్లాడుతూ రికార్డు చేసి ఆ రికార్డింగ్ మనకే ఇస్తారు. అది కాక, వాయించి దిగిన బ్యాండ్‌ని పక్క గదిలో కూర్చోబెట్టి, అనుభవమున్న బ్యాండ్ డైరెక్టర్ ఒకరు కాసేపు పాఠం చెప్తారు. దాన్ని క్లినిక్ అంటారు. పేరుకి తగ్గట్టే మేం రోగుల్లా కూర్చున్నాం.

వచ్చినాయన జుట్టంతా నెరిసిపోయి ఉంది. మా పొరపాటు ఊసే ఎత్తలేదు. ముందు ఇద్దరు క్లారినెట్ అమ్మాయిల్ని ఒకే స్వరం పట్టమన్నారు. "కళ్ళు మూసుకుని వినండి, ఊగుతోందా?" అన్నారు. నిజంగానే ఊగుతోంది, ఊ... ఊ... ఊ... అని. ఒకరి స్వరం సెకనుకి 440 కంపనాల దగ్గర, ఇంకొకరిది 442 దగ్గర ఉంటే సెకనుకి రెండుసార్లు అలా ఊగుతుందట. ఒకమ్మాయి బ్యారెల్‌ని, అంటే క్లారినెట్ పైభాగంలో ఉండే చిన్న గొట్టాన్ని, కాస్త బయటికి లాగింది. ఊపు నెమ్మదించింది, ఇంకాస్త లాగేసరికి ఆగిపోయింది. తర్వాత అందరిచేతా బి ఫ్లాట్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించడం) పట్టించి, అందులో మధ్య స్వరమైన డి వాయిస్తున్నవాళ్ళని కొంచెం దించమన్నారు. మా ఫ్లూట్ అమ్మాయి ఊరుకోలేదు. శ్రుతి చూపించే ట్యూనర్‌ని చూసి, "సార్, ట్యూనర్‌లో ముల్లు సరిగ్గా మధ్యలోనే ఉంది" అంది. "ముల్లుకి కార్డ్ వినపడదమ్మా" అన్నారాయన. మేజర్ అనే రకం కార్డ్‌లో ఆ మధ్య స్వరం ట్యూనర్ చూపించేదానికంటే 14 సెంట్లు కిందికి ఉంటేనే సరిగ్గా కుదురుతుందట. సెంట్ అంటే అరస్వరంలో నూరో వంతు. ఆ అమ్మాయి ఇష్టం లేకుండానే దించింది. గది మొత్తం ఒక్కసారిగా తేటపడినట్టయింది. ఆ శబ్దం నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

అప్పుడు మావైపు తిరిగారు. "నాలుగో బార్ దగ్గర ఊపిరి తీసిందెవరు?"

మూడు చేతులు లేచాయి.

"ముగ్గురూ ఒక్కచోటేనా? స్నేహమంటే మీదే" అన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. పెన్సిళ్ళు తీయించి, ఒకరికి రెండో బార్ తర్వాత, ఇంకొకరికి మూడో బార్ మధ్యలో, నాకు ఐదో బార్‌లో గుర్తు పెట్టించారు. ఒకరు ఆగినప్పుడు మిగతా ఇద్దరు మోయాలి. ఆగేటప్పుడు స్వరం మెల్లగా వదలాలి, తిరిగి చేరేటప్పుడూ చప్పుడు చేయకుండా దూరాలి. ఇంత చిన్న సంగతి మాకెందుకు తట్టలేదా అనిపించింది.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. ఆయనే ముందు నిలబడి చెయ్యి ఊపుతూ మమ్మల్ని కండక్ట్ చేస్తారని అనుకున్నాం. చేయలేదు. కండక్ట్ చేసే పుల్ల, బ్యాటన్, మా సార్ చేతికే ఇచ్చి, వచ్చి నా పక్క ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. సార్ చెయ్యి ఎత్తారు, మేం మొదలుపెట్టాం. రెండు బార్లు కాగానే ఈయన ఆపించారు.

"మాస్టారూ, ఇంకోసారి ఎత్తండి. నేను ఇక్కణ్ణుంచి చూస్తాను."

సార్ ఎత్తారు. ఈయన మాతోపాటు ఊపిరి తీయబోయి, సగంలోనే ఆగిపోయారు. "చూశారా, నాకూ చాల్లేదు. మీ చెయ్యి చటుక్కున లేస్తోంది. పిల్లలు సగం ఊపిరితోనే బయల్దేరుతున్నారు. మీరూ వాళ్ళతో కలిసి ఊపిరి తీయండి, చెయ్యి దానంతటదే లేస్తుంది."

నలభైమంది విద్యార్థుల ముందు మాట. మా సార్ ముఖం ఎర్రబడుతుందనుకున్నాను. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, మాలాగే తన స్వరాల కాగితం, స్కోర్, మీద గుర్తు పెట్టుకున్నారు. మూడోసారికి ఆయన భుజాలు నెమ్మదిగా లేచాయి, నోరు కొద్దిగా తెరుచుకుంది, పక్క కుర్చీలో పెద్దాయన ఊపిరి నాకు వినపడింది. ఎనిమిది బార్లూ ఎక్కడా తెగకుండా వెళ్ళాయి.

మాకు వచ్చిన గ్రేడ్ ఏదో ఇప్పుడు గుర్తు లేదు. తిరుగు ప్రయాణంలో బస్సు లైట్లు ఆర్పేశాక నేను ముందు సీట్లవైపు వెళ్ళాను. సార్ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని జడ్జిల రికార్డింగ్ వింటున్నారు. నన్ను చూడలేదు. ఒళ్ళోంచి కుడిచెయ్యి మెల్లగా పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, దిగింది. మళ్ళీ వెనక్కి జరిపి విన్నారు. మళ్ళీ చెయ్యి లేచింది.