తెరచాప పడవతో సంగమేశ్వరం దాకా

శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో తెరచాప పడవ దింపాలంటే గాలి కంటే ముందు అడుగుల లెక్క చూడాలి. డ్యాం నిండు మట్టం 885 అడుగులు. పేపర్లో 870 పైన కనిపిస్తే ముచ్చుమర్రి వైపు నీళ్లు చేల అంచుదాకా ఉంటాయి, ట్రాక్టర్ ట్రాలీని వెనక్కి పెట్టి పడవను నేరుగా జార్చుకోవచ్చు. 850కి దిగిందంటే ఒడ్డుకీ నీటికీ మధ్య బురద, ఆ బురదలోనే రైతులు వేసుకున్న పైర్లు, మోటర్లు, పైపులు. 840 దరిదాపుల్లోకి జారితే నీట మునిగి ఉన్న సంగమేశ్వరాలయం బయటపడుతుంది. భక్తులకు అది మంచి కాలం, ఫైబర్ పడవకు మాత్రం కాదు. ఎండిన మోళ్లు, మునిగిన ఊళ్ల మొండిగోడలు అప్పుడే నీటికి జానెడు లోతులో కాచుకుని ఉంటాయి.

అందుకే డిసెంబరు ఎంచుకున్నాం. మట్టం 870కి పైన, వరద హోరు ఎప్పుడో అయిపోయింది, ఈశాన్యపు గాలి పొద్దెక్కాక నిలకడగా వీస్తుంది. జూన్, జూలైలలో నైరుతి గాలి బలంగా ఉంటుంది, సరదాపడి చాలామంది అప్పుడే దింపుదామంటారు. కానీ ఆ నెలల్లో నీళ్లు అడుగంటి ఉంటాయి. ఆపైన వరద మొదలైతే మట్టం రోజుకు ఎన్ని అడుగులు పెరుగుతుందో చెప్పలేం. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చి పడ్డ సంగతి కర్నూలులో ఎవరిని అడిగినా చెప్తారు.

పడవ ‘ఎంటర్‌ప్రైజ్’ తరగతిది. జాక్ హోల్ట్ 1956లో గీసిన డిజైన్. పొడవు నాలుగు మీటర్లకు కాస్త పైన, వెడల్పు 1.6 మీటర్లు, ఇద్దరు నడిపేది. లేత నీలం తెరచాపలు దీని ఆనవాలు. 1982 ఆసియా క్రీడల్లో ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరంజియా మన దేశానికి బంగారు పతకం తెచ్చింది ఇలాంటి ఇద్దరు నడిపే పడవలోనే, కాకపోతే అది ఫైర్‌బాల్ తరగతి. మాది కాకినాడ తీరంలో ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు తాగి, ఆ తర్వాత షెడ్డులో బోర్లా పడి ఉన్న ఫైబర్ పడవ. లారీ ఎక్కి కర్నూలు వచ్చింది.

పాత సముద్రపు పడవను చూసేవాళ్లు ముందు అడుగుభాగం మీద గీతలు చూస్తారు. నిజానికి అవి చిన్న సంగతి. ఉప్పు కూర్చునేది లోహం లోహాన్ని తాకేచోట. అల్యూమినియం మాస్టుకు, అంటే తెరచాపను మోసే నిలువు స్తంభానికి, స్టీలు రివెట్లతో బిగించిన ప్రతి బిళ్ల చుట్టూ తెల్లటి పొడి కనిపించింది. రెండు లోహాల మధ్య ఉప్పుతేమ చేరితే అల్యూమినియమే తరుగుతుంది, స్టీలు నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే పైకి అంతా బాగున్నట్టు అనిపిస్తుంది. రివెట్‌ను డ్రిల్లుతో తీసేసి చూస్తే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారి ఉంటుంది. అలాంటి చోట పాత రంధ్రంలోనే లావు రివెట్ కొట్టడం వల్ల లాభం లేదు. బిళ్లను రెండు అంగుళాలు పైకో కిందికో జరిపి కొత్త రంధ్రాలు వేయాలి, బిళ్ల కింద పలచని ప్లాస్టిక్ షీటు పెట్టాలి, మోనెల్ (నికెల్, రాగి కలిసిన లోహం) రివెట్లు దొరికితే అవే వాడాలి.

మాస్టును నిలబెట్టే తీగలు కూడా అంతే. చేత్తో తడిమితే పోగులు గుచ్చుకుంటాయి కాబట్టి దూదిని చుట్టి పైనుంచి కిందికి లాగాలి. ఎక్కడ దూది చిక్కుకుంటే అక్కడ పోగు తెగినట్టు. ముఖ్యంగా కింది చివర, తీగ గొట్టంలోకి దూరే చోట, ఉప్పునీరు దిగి నిలుస్తుంది. అక్కడ సన్నని గోధుమరంగు గీత ఉంటే ఆ తీగను బాగుచేయాలని చూడొద్దు, మార్చేయాలి. మా పడవకు మూడు తీగలూ మార్చాం. ఆ చివరల మీద ఇన్సులేషన్ టేపు చుట్టే అలవాటు చాలామందికి ఉంది. టేపు కింద తేమ ఆరదు, తుప్పు కనపడదు, రెండు విధాలా చెడే.

ఫైబర్ పనికి కర్నూలు ఎండ వరమూ శాపమూ. తడి పీల్చిన ఫైబర్ ఆరడానికి తీరంలో నెలలు పడుతుంది, ఇక్కడ మే నెలలో షెడ్డు కింద బోర్లించి, అడుగున ఇటుకలు పెట్టి గాలి ఆడనిస్తే వారాల్లో ఆరుతుంది. నేరుగా ఎండలో పెట్టకూడదు. రెసిన్ కలిపేటప్పుడు మాత్రం అదే ఎండ తంటా తెస్తుంది. కిలో రెసిన్‌కు హార్డెనర్ 10 మిల్లీలీటర్లు చాలు. చలికాలపు అలవాటుతో 20 పోస్తే మగ్గులోనే పొగలు కక్కి గడ్డకడుతుంది. తెల్లవారుజామున, ఒక్కసారికి పావుకిలోకి మించకుండా కలుపుకుంటే బ్రష్షు తిప్పడానికి సమయం ఉంటుంది. రెసిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే కోబాల్ట్‌ను, హార్డెనర్‌ను ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు, పేలుతుంది. రెసిన్‌లో కోబాల్ట్ బాగా కలిశాకే హార్డెనర్.

పగులు ఉన్నచోట పైన మ్యాట్ (గాజుపోగుల పట్ట) అతికించి రంగు కొడితే అది ఒక సీజన్ కూడా నిలవదు. గోడ మందం 3 మిల్లీమీటర్లు అయితే పగులుకు చుట్టూ 36 మిల్లీమీటర్ల వెడల్పున వాలుగా గ్రైండ్ చేయాలి, అంటే మందానికి పన్నెండింతలు. ఆ వాలులో చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్‌ను పరచుకుంటూ రావాలి. కిలో మ్యాట్‌కు రెండు, రెండున్నర కిలోల రెసిన్ పడుతుంది. బస్సు బాడీలు కట్టే షెడ్లలో మ్యాట్, రెసిన్ దొరుకుతాయి, ఆ మేస్త్రీల చెయ్యి కూడా మంచిదే. కానీ వాళ్లకు పని తొందరగా తెమలాలి. గ్రైండింగ్ మనం చేసుకుని, మ్యాట్ వేసేపని వాళ్లకిస్తే మేలు.

గాలిగదులు ఈ పడవకు ప్రాణం. బోల్తా కొడితే తేల్చేది అవే. మూత రబ్బర్లు మార్చి, గదిలోకి సన్న పైపు పెట్టి నోటితో ఊది, అతుకుల వెంబడి సబ్బునీళ్లు రాయాలి. బుడగ లేచినచోట గుర్తుపెట్టి ఆరాక పూయాలి. పంక్చర్ షాపులోని కంప్రెసర్‌తో ఊదితే లోపలి అతుకులు ఊడొస్తాయి. ఎక్కడ ఊడాయో వెతకడానికి పడవను కోయాల్సిందే.

తెరచాపల గుడ్డ బాగానే ఉంది, కుట్లు పోయాయి. గుడ్డ కంటే ముందు ఎండకు చచ్చేది దారం. కుట్టు మీద గోరుతో గీస్తే పొడిగా రాలితే ఆ వరుసంతా మళ్లీ కుట్టాలి. మార్కెట్ యార్డు దగ్గర టార్పాలిన్ పట్టలు కుట్టేవాళ్ల మిషను దీనికి సరిపోతుంది, దారం మాత్రం పాలిస్టర్‌ది మనమే ఇవ్వాలి, వంకర కుట్టు అని గట్టిగా చెప్పాలి. వాళ్లు తిన్నగా కుడతారు, గుడ్డ సాగినప్పుడు తిన్నటి కుట్టు తెగుతుంది. పెద్ద తెరచాపకు అడుగున తాడు దూర్చే లోహపు కళ్లు బిగించి, గాలి పెరిగితే తెరచాపను తగ్గించుకునే ఏర్పాటు కూడా అప్పుడే చేయించాం. రేసుల కోసం చేసిన పడవలకు మామూలుగా అది ఉండదు, జలాశయంలో అది లేకుండా పోకూడదనేది నా అభిప్రాయం.

ఇక నందికొట్కూరు మీదుగా దారి. మాస్టు ఆరు మీటర్లు దాటి పొడవు, దాన్ని విడిగా ట్రాలీకి కట్టి, కొసకు ఎర్రగుడ్డ తగిలించాం. ఒడ్డు మీద మాస్టు లేపే ముందు తల పైకెత్తి చూడాలి. లిఫ్టులకు, మోటర్లకు వేసిన కరెంటు తీగలు ఈ ఒడ్డంతా ఉన్నాయి, చెరువు గట్ల దగ్గర కంటే కిందికి వేలాడతాయి. “అన్నా, మాస్టు లేపేకి ఈడొద్దు, ఆ తుమ్మచెట్టు అవతలికి పోదాం పా” అని ట్రాక్టర్ నడిపే అబ్బాయే ముందు అన్నాడు. లేపిన మాస్టుతో పడవను ఒడ్డు మీద ఒక్క అడుగు కూడా నెట్టకూడదు.

మాస్టు కొసకు ఖాళీ అయిదు లీటర్ల క్యాను బిగుతుగా మూతపెట్టి కట్టాం. చూడ్డానికి అందంగా ఉండదు. పడవ పక్కకు ఒరిగినప్పుడు ఆ క్యాను మాస్టును నీటిపైనే ఆపుతుంది, పూర్తిగా తలకిందులు కానివ్వదు. సముద్రంలో తలకిందులైతే నీళ్లే తగులుతాయి, ఇక్కడ మునిగిన చెట్టు కొమ్మల్లో మాస్టు ఇరుక్కుంటుంది. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు, ఒక్కో తెడ్డు, నీళ్లు తోడడానికి బక్కెట్టు, దాన్ని తాడుతో పడవకు కట్టి. ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పటికి వస్తామో స్టేషన్‌లో చెప్పి వెళ్లాం. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల ప్రాణాలు పోయాయి, 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు. ఈ నీళ్ల దగ్గర ఆ జాగ్రత్తను ఎవరూ విసుక్కోరు.

గాలి గంటకు పదిహేను కిలోమీటర్లు ఉండొచ్చు. అక్కడక్కడ తెల్లనురగ ఇంకా రాలేదు, అంటే మొదలుపెట్టడానికి సరైన గాలి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి అయ్యేలా దారి ఎంచుకోవాలి. అలసిపోయాక ఎదురుగాలితో కొట్లాడటం ఉండదు. ఎదురుగాలిలో పడవ తిన్నగా పోదు, గాలికి దాదాపు 45 డిగ్రీల కోణంలో ఒకసారి అటు, ఒకసారి ఇటు పోవాలి. అయిదు కిలోమీటర్ల దూరం ఏడు అవుతుంది.

సముద్రంలో గాలి వచ్చే దిక్కు ఒకటే, అలలు చెప్పేస్తాయి. ఇక్కడ నీళ్లు వెడల్పుగా ఉన్నంతసేపూ అలాగే ఉంది. నల్లమల గుట్టలు దగ్గరయ్యే కొద్దీ గాలి గుట్టను చుట్టి వస్తుంది, ఒక నిమిషం చచ్చినట్టు ఉండి మరుక్షణం పక్కనుంచి తోస్తుంది. నీటి మీద నల్లటి మచ్చ పరిగెత్తుకొస్తుంటే అదే గాలి. అది తగలకముందే పెద్ద తెరచాప తాడును చేతిలోకి తీసుకోవాలి, క్లీట్‌లో (తాడును పట్టి ఉంచే బిగింపులో) బిగించి వదిలేయకూడదు. చాలా బోల్తాలు ఆ బిగించిన తాడు వల్లే.

ఉప్పునీరు కాదు కాబట్టి పడవ కాస్త లోతుగా కూర్చుంటుందని పుస్తకాల లెక్క. మనుషులతో కలిపి 250 కిలోల పడవకు తేడా ఆరు లీటర్లు, కంటికి ఆనదు.

నీళ్ల మీద థర్మోకోల్ ముక్కలో, ఖాళీ సీసాలో వరుసగా తేలుతుంటే అది వల. విశాఖ తీరం నుంచి వచ్చి ఈ ఒడ్డున స్థిరపడ్డ మత్స్యకారుల వలలే ఎక్కువ. వరుసకు అడ్డంగా పోవాల్సి వస్తే రెండు తేలే ముక్కల మధ్యన, సెంటర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) పైకి లాగి, చుక్కాని ఎత్తి దాటాలి. “అటు వల ఉంది బాబూ, గట్టువారగా రండి” అని ఒక పెద్దాయన చెయ్యూపి దారి చూపించాడు. ఆయన పడవకు ఇంజన్ ఉంది, మా తెరచాపను చూసి నవ్వాడు.

సంగమేశ్వరం దగ్గరికి వచ్చేసరికి శిఖరం ఆనవాలే లేదు. వేపమొద్దు శివలింగం ఉన్న గర్భగుడి మా కింద ఎక్కడో ఉంది. అక్కడ లంగరు వేయకూడదు. మునిగిన రాళ్లకు తగిలితే ఊడిరాదు, గుడికీ మంచిది కాదు. ఒడ్డువారగా బురదలో వేసి భోంచేశాం. అక్కడి నుంచి కిందికి, సిద్ధేశ్వరం దాటి పోవాలని కొందరికి ఉంటుంది. ఆ ఇరుకులో గాలి మరీ నమ్మరానిది, ఇరువైపులా పులుల అడవి, దిగడానికి వీల్లేదు. ముసళ్లు కూడా ఉన్నాయి. మరోపక్క పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ వైపు పాయలోకి అసలు తిరగొద్దు. దాని సామర్థ్యం 44,000 క్యూసెక్కులు. గేట్లు ఎత్తినప్పుడు ఆ లాగుడుకు ఎదురు రావడం తెరచాపకు సాధ్యం కాదు.

తిరుగు ప్రయాణంలో సెంటర్‌బోర్డు బిగుసుకుపోయింది. ఒడ్డున భోజనానికి ఆగినప్పుడు దాని పెట్టెలోకి బురదతో పాటు గులకరాయి దూరింది. సముద్రపు ఇసుక అయితే కడిగితే పోతుంది, ఈ నల్లరేగడి ఆరితే గట్టిపడుతుంది. పైనుంచి బోర్డును బలంగా తొక్కితే పిన్ను వంగుతుంది. పడవను కాస్త పక్కకు ఒరిగించి, కింది సందులోంచి సన్నటి ఇనుప పట్టీతో రాయిని బయటికి గెంటాలి. అటువంటి పట్టీ ఒకటి, అడుగున్నర పొడవుది, ఎప్పుడూ పడవలో ఉంచుకోవాలి. వెనుకగాలిలో సరిగ్గా గాలి వెంబడే పోకుండా కొంచెం పక్కగా పట్టుకుంటే బూమ్ (పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) అకస్మాత్తుగా ఇటునుంచి అటు కొట్టదు. తలకు తగిలేది అప్పుడే.

ఒడ్డుకు చేరాక మొదటి పని అడుగు మూత విప్పి గాలిగదుల్లో నీళ్లు ఎన్ని వచ్చాయో చూడటం. ఎడమ గదిలో అరగ్లాసుడు, కుడిగదిలో లేవు. ఎడమవైపు మూత రబ్బరు మళ్లీ తీసి, అంచున వ్యాసెలిన్ రాసి బిగించి చూడాలి. అదీ కాకపోతే అతుకే. తెరచాపలు తడిగా మడవకుండా ఇంట్లో నీడన ఆరేశాం. మాస్టు పై కప్పీ చక్రం అరిగింది, తాడు పక్కకు జారుతోంది. చక్రం బయటి వ్యాసం, మందం, ఇరుసు లావు మూడూ కొలిచి రాసుకున్నాం, లేత్ పనివాడికి నైలాన్ కడ్డీ ఇచ్చి తిప్పించాలి.