ట్యాబ్లెట్ ఎవరికి సరిపోతుంది, ల్యాప్‌టాప్ ఎవరికి తప్పదు

ట్యాబ్లెట్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా అని ఆలోచించేవారు చాలా వరకు ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ పోల్చి చూస్తారు. అసలు తేడా అక్కడ లేదని నా గట్టి అభిప్రాయం. 2020లో మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్‌లో వచ్చిన ఎం1 ప్రాసెసర్ చిప్‌నే యాపిల్ సంస్థ 2021లో ఐప్యాడ్ ప్రో ట్యాబ్లెట్‌లోనూ అమర్చింది. అయినా ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ అనే సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లో నడుస్తుంది కానీ ఐప్యాడ్‌లో నడవదు. తేడా అంతా యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్ అయిన ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంది.

ఐప్యాడ్‌లోనూ ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలోనూ ఒక యాప్ దాచుకున్న సమాచారాన్ని మరొకటి అనుమతి లేకుండా తాకలేదు. అందువల్ల భద్రత పెరుగుతుంది, నిర్వహణ భారం తగ్గుతుంది. కానీ నాలుగు ఫైళ్లు పక్కపక్కన తెరిచి, ఒకదానిలోని అంకెలను మరొకదానిలోకి తెస్తూ గంటల తరబడి నివేదిక రాయవలసిన వారికి అదే ఇబ్బందిగా మారుతుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి, లెక్కల పద్దులు చూసేవారికి, పెద్ద రచనలు చేసేవారికి నేను ల్యాప్‌టాప్‌నే సూచిస్తాను.

చదవడం, చదివినదానిపై గుర్తులు పెట్టుకోవడం, బొమ్మలు గీయడం ప్రధానమైన వారికి మాత్రం ట్యాబ్లెట్‌ను మించినది లేదు. పీడీఎఫ్ పుటను నిలువుగా, నిండుగా చూస్తూ అంచుల్లో చేతిరాతతో వ్యాఖ్యలు రాసుకునే సౌకర్యం మామూలు ల్యాప్‌టాప్‌లో దొరకదు. శాంసంగ్ ఎస్ పెన్ వంటి కలాలు తెర నుంచి వచ్చే విద్యుదయస్కాంత క్షేత్రంతోనే పనిచేస్తాయి కనుక, రాయడానికి వాటిని ఛార్జ్ చేయవలసిన అవసరం కూడా ఉండదు. అక్షరాలను వేళ్లతోనే పెద్దవి చేసుకుని చదువుకోవాలనుకునే, వీడియో కాల్స్‌లో మనవలతో మాట్లాడాలనుకునే పెద్దవారికీ ఇదే అనువైనది.

కీబోర్డు కవరు తగిలిస్తే ట్యాబ్లెట్టే ల్యాప్‌టాప్ అయిపోతుందన్న ప్రచారాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. టైపింగ్ సులువవుతుంది నిజమే, కానీ ఆపరేటింగ్ సిస్టమ్ మారదు, ఖర్చు పెరుగుతుంది, కొన్ని పెద్ద ట్యాబ్లెట్లకు ఆ కవరుతో కలిపి బరువు తేలికపాటి ల్యాప్‌టాప్‌ను మించిపోతుంది. పూర్తి విండోస్‌తో వచ్చే సర్ఫేస్ ప్రో వంటివి ఇందుకు మినహాయింపు, అయితే వాటిని పెన్నుతో రాయగల ల్యాప్‌టాప్‌లుగా భావించడమే సమంజసం.

కొనేముందు మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌కు ట్యాబ్లెట్ యాప్ ఉందో లేదో చూడడంతో ఆగకండి. ఒకే పేరుతో ఉన్నా, స్ప్రెడ్‌షీట్‌లో మాక్రోల (పదేపదే చేసే పనులను వాటంతటవే జరిపించే చిన్న ప్రోగ్రాముల) వంటి సదుపాయాలు ఆ యాప్‌లో లేకపోవచ్చు. మీ పని వాటిపైనే ఆధారపడి ఉంటే ల్యాప్‌టాప్ తీసుకోండి.