అక్క ఇచ్చిన కిడ్నీ, కాలి మీద ఊదా మచ్చ

అక్క కిడ్నీ ఇచ్చిన పద్నాలుగు నెలలకు నా ఎడమ మడమ పైన ఊదా రంగు మచ్చ ఒకటి కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు. చెప్పు ఒరుసుకుందేమో అనుకుని వదిలేశాను. నెల తిరిగేసరికి ఇంకో మూడు వచ్చాయి. వేలితో తడిమితే కాస్త గట్టిగా తగిలేవి.

ఆ రోజుల్లోనే మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. విరేచనం నల్లగా అవుతోంది. ఐరన్ మాత్రల వల్లే అనుకున్నాను. ఐరన్‌తోనూ నల్లగానే వస్తుంది, నిజమే. కానీ నాది తారులా జిగటగా, భరించలేని వాసనతో ఉండేది. కడుపులో రక్తం కారితే అలా ఉంటుందని నాకు తెలియదు. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6.8.

ఎండోస్కోపీ ఫొటోల్లో జీర్ణాశయం గోడ మీద అచ్చం నా కాలి మచ్చల్లాంటివే ఎర్రగా, ఊదాగా ఉబ్బి ఉన్నాయి. మొదటి బయాప్సీలో ఏమీ తేలలేదు. ఈ గడ్డలు లోపలి పొర కింద దాగి ఉంటాయట, పైపైన తీసిన ముక్కలో దొరకకపోవచ్చట. రెండోసారి లోతుగా తీశారు, కాలి మచ్చ నుంచి కూడా ఒక ముక్క తీశారు. రెండూ కపోసి సార్కోమానే, అదో రకం కాన్సర్.

ఎయిడ్స్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే జబ్బు కావడంతో, పేరు వినగానే చుట్టాలు కొందరు నాకూ ఎయిడ్స్ అనుకున్నారు. నా హెచ్‌ఐవీ పరీక్ష నెగెటివ్. 1872లోనే మోరిట్జ్ కపోసి ఈ జబ్బు గురించి రాశాడు, అప్పటికి ఎయిడ్స్ ఊసే లేదు. దీని వెనక ఉన్న హెచ్‌హెచ్‌వీ-8 అనే వైరస్‌ను 1994లో కనిపెట్టారు. కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా నేను వేసుకునే మందులు ఇమ్యూనిటీని తగ్గించడంతో ఆ వైరస్‌కు అడ్డు లేకుండా పోయింది.

అందుకని ఆ మందులే తగ్గించాలన్నారు. వాటిలో టాక్రోలిమస్ అనేదాన్ని ఆపి, కిడ్నీని కాపాడే మరో మందు సిరోలిమస్‌కు మారుస్తామని, అప్పటికీ లొంగకపోతే కీమో అని చెప్పారు. నాకు జబ్బు కన్నా అదే ఎక్కువ భయమేసింది. మందు తగ్గితే అక్క కిడ్నీ ఏమైపోతుంది? ఆ మాట అక్కతో అనడానికి రెండు రోజులు పట్టింది.

"ఒరేయ్, ఇచ్చేశాక అది నీది. నువ్వుంటేనే కదరా అది ఉండేది" అంది.

మొదట్లో వారం వారం రక్తంలో క్రియాటినిన్ చూసేవాళ్లు, కిడ్నీ పనితీరు తగ్గితే అది పెరుగుతుంది. రిపోర్ట్ వచ్చేదాకా ఒకటే టెన్షన్. 1.3 నుంచి 1.6కి వెళ్లి, మళ్లీ 1.4 దగ్గర నిలిచింది. సిరోలిమస్‌తో నోట్లో పుళ్లు లేచాయి, కొలెస్ట్రాల్ పెరిగింది. వాటికీ మందులు వాడాను. రెండో నెలకల్లా విరేచనం మామూలుగా అయింది. ఏడో నెలలో ఎండోస్కోపీ చేస్తే పెద్ద గడ్డలు పోయాయి, రెండు చిన్న మచ్చలు మిగిలాయి. కీమో అవసరం రాలేదు.

మడమ మీద ఇప్పుడు లేత గోధుమ రంగు మరక ఉంది. అక్క వచ్చినప్పుడల్లా ముందు "కాలు ఇలా పెట్టు" అంటుంది. బొటనవేలితో దాన్ని రెండుసార్లు నొక్కి చూశాకే కూర్చుంటుంది.